ఛాయాచిత్రానికి కత్తెర

"కెమెరా అబద్ధమాడదు" అనే మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కోర్టులోనైనా, ఆఫీసులోనైనా, పెళ్ళి సంబంధాల దగ్గరైనా ఫోటోకు దక్కే గౌరవం ఆ నమ్మకం నుంచి వచ్చిందే. అయితే ఒక ఫోటోలోని మనిషిని కత్తిరించి వేరొక చోట నిలబెట్టే విద్య కంప్యూటర్లతో పుట్టినది కాదు. ఫోటోగ్రఫీ వయసెంతో, దాదాపు ఈ విద్య వయసూ అంతే. ఆ చరిత్రను పెన్షనర్ మిత్రులతోనూ, వారి కుటుంబ సభ్యులతోనూ పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫోటో తీసే పద్ధతిని ఫ్రాన్సులో డాగెర్ పేరిట 1839లో లోకానికి ప్రకటించారు. 1851లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలకల మీద నెగెటివ్ తీసే విధానాన్ని వెల్లడించారు. ఆ పలకల మీది మందుకు ఒక లోపం ఉండేది. అది నీలి రంగుకు మరీ త్వరగా స్పందించేది. అందుచేత నేల సరిగ్గా పడితే ఆకాశం తెల్లగా వెలిసిపోయేది, ఆకాశం కుదిరితే నేల నల్లబడేది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే 1850లలో తీసిన సముద్ర దృశ్యాల్లో కొన్నింటికి ఆకాశాన్ని ఒక నెగెటివ్ నుంచీ, సముద్రాన్ని మరొక నెగెటివ్ నుంచీ తీసుకుని ఒకే కాగితంపై అచ్చు వేశారు. ఇందులో ఎవరినీ మోసగించే ఉద్దేశం లేదు, కెమెరాకు చేతకానిది చేతితో పూర్తిచేయడమే.

తరువాత మనుషుల వంతు వచ్చింది. స్వీడన్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆస్కార్ రైలాండర్ 1857లో ముప్పైకి పైగా నెగెటివ్‌లు కలిపి ఒక పెద్ద చిత్రం తయారు చేశారు. అందులోని వారంతా ఒకేసారి ఒకచోట నిలబడినవారు కారు. కొందరి చొప్పున విడివిడిగా ఫోటోలు తీసి కూర్చినవారే. విక్టోరియా రాణి ఆ చిత్రం ప్రతిని కొన్నారు. 1858లో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లతో మరణశయ్యపై ఉన్న యువతినీ, చుట్టూ దుఃఖంలో ఉన్న కుటుంబాన్నీ చూపించారు. ఒక ఇంటి దుఃఖాన్ని ఇలా బజారున పెట్టవచ్చునా అని కొందరు నొచ్చుకున్నారు. నిజానికి ఆ అమ్మాయి ఆరోగ్యంగానే ఉంది, రోగిగా నటించిందంతే. రాబిన్సన్ తన పద్ధతిని దాచుకోలేదు, నలుగురికీ వివరించి చెప్పారు.

ఈ పని చేయడానికి రెండు దారులుండేవి. మొదటిది చీకటి గదిలో చేసేది. అచ్చు కాగితంలో అవసరమైన భాగం మాత్రం వెలుతురుకు వదిలి, మిగతాది నల్ల కాగితంతో కప్పి, ఒక్కొక్క నెగెటివ్‌ను దాని స్థానంలో అచ్చు వేయడం. రెండవది కత్తెర పని. మనిషి బొమ్మను జాగ్రత్తగా కత్తిరించి, అంచు మందం నీడగా కనబడకుండా వెనకవైపు గరుకు కాగితంతో రుద్ది పలచన చేసి, కొత్త నేపథ్యంపై అతికించేవారు. అతుకు కనిపించే చోట కుంచెతో సరిదిద్ది, మొత్తానికి మళ్ళీ ఫోటో తీసేవారు. ఆ కొత్త నెగెటివ్‌లో అతుకు జాడే ఉండదు.

మన దేశంలో ఈ విద్య భక్తికి కూడా ఉపయోగపడింది. రాజస్థాన్‌లోని నాథద్వారంలో శ్రీనాథ్‌జీ చిత్రాలు వేసే కళాకారులు, యాత్రికుల ఫోటోల నుంచి ముఖాలు కత్తిరించి చిత్రపటంపై అతికించి, మిగతా శరీరం, దుస్తులు రంగులతో వేసేవారు. స్వామి సన్నిధిలో కుటుంబమంతా చేతులు జోడించి నిలబడినట్లు ఆ పటం ఉండేది. అది అతికించినదని ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా పూజగదిలో దాని విలువ తగ్గలేదు.

మన ఊళ్ళ స్టూడియోల సంగతి అందరికీ అనుభవమే. ఇంట్లో పెద్దవారు కన్నుమూస్తే, వారికి విడిగా ఫోటో లేదని అప్పుడు గుర్తుకొస్తుంది. ఏ పెళ్ళి గ్రూపు ఫోటోనో పట్టుకుని స్టూడియోకు పరుగెత్తితే, అందులోంచి ఆ ఒక్క ముఖాన్నీ వేరుచేసి, పెద్దది చేసి, వెనుక ఉత్త రంగు వేసి పటం కట్టించి ఇచ్చేవారు. భర్తను ఒక ఫోటో నుంచీ, భార్యను మరొక ఫోటో నుంచీ తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టిన పటాలు ఎన్ని ఇళ్ళలో లేవు? బతికినన్నాళ్ళూ కెమెరా ముందు కలిసి కూర్చోని దంపతులను ఆ కత్తెరే కలిపింది.

అదే కత్తెర అధికారం చేతిలో పడితే కథ మారింది. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటును అణచివేశాక, యూజీన్ అప్పేర్ అనే ఫోటోగ్రాఫర్ నటుల చేత హత్యా దృశ్యాలు వేయించి, వారి తలల స్థానంలో అసలు వ్యక్తుల ముఖాలు అతికించి, తిరుగుబాటుదారుల నేరాలంటూ అమ్మాడు. అమెరికా అంతర్యుద్ధ సేనాని గ్రాంట్ గుర్రంపై కూర్చున్న ప్రసిద్ధ ఫోటో ఒకటుంది. అందులో తల మాత్రమే గ్రాంట్‌ది. శరీరం, గుర్రం వేరొక సేనానివి, వెనుక కనిపించే శిబిరం యుద్ధఖైదీలది. యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకు, 1902 ప్రాంతంలో, ఈ మూడింటినీ కలిపారు.

పెట్టడం ఒక ఎత్తు, తీసివేయడం మరొక ఎత్తు. 1920 మే 5న మాస్కోలో లెనిన్ ప్రసంగిస్తుండగా తీసిన ఫోటోలో వేదిక పక్కన ట్రాట్‌స్కీ, కామెనెవ్ ఉన్నారు. తరువాతి ప్రచురణల్లో వారి స్థానంలో చెక్క మెట్లు మిగిలాయి. మాస్కో కాలువ ఒడ్డున స్టాలిన్ పక్కన నడుస్తున్న రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌కు 1940లో మరణశిక్ష అమలైంది. ఆ ఫోటోలో అతను నిలిచిన చోట నీళ్ళు మాత్రమే కనబడసాగాయి. నేడు ఆ మార్పులు మనకు తెలియడానికి కారణం ఒక్కటే. అసలు ఫోటోలు ఎక్కడో మిగిలి ఉన్నాయి.

1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన ముఖచిత్రంలో పట్టడం కోసం గిజా పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరకు జరిపి విమర్శల పాలైంది. 1990లో ఫోటోషాప్ మార్కెట్‌లోకి వచ్చింది. 2022లో ఐఫోన్‌లో బొమ్మపై వేలు నొక్కి పట్టగానే మనిషి రూపం నేపథ్యం నుంచి విడివడే సౌకర్యం వచ్చింది. పూర్వం కళాకారుడికి రోజంతా పట్టిన పని మనవడి చేతిలో క్షణంలో అయిపోతోంది.

ఇంతకూ నమ్మడం ఎలా? దీనికి సమాధానం మన ఉద్యోగ జీవితంలోనే ఉంది. దరఖాస్తుపై ఫోటో అతికించగానే ఏ ఆఫీసూ దానిని స్వీకరించలేదు. సంతకం, ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలని పట్టుబట్టేవాళ్ళం. పెన్షన్ కాగితాలతో ఇచ్చిన జాయింట్ ఫోటోకు కూడా ధృవీకరణ కావలసి వచ్చింది. ఫోటో తనకు తాను సాక్ష్యం కాదని, దాని వెనుక బాధ్యత వహించే మనిషి ఒకరుండాలని మన ఆఫీసులకు ముందే తెలుసు. చెప్పి చేస్తే అతుకు కళ అవుతుంది, చెప్పకుండా చేస్తే మోసమవుతుంది.

కాబట్టి మిత్రులకు మనవి. అమ్మ ముఖం కోసం పాత గ్రూపు ఫోటోను కత్తిరించవద్దు. నకలు తీయించి, ఆ నకలుపైనే కత్తెర పెట్టించండి. ఆమె పక్కన నిలబడిన చెల్లెలెవరో, వెనుక కనిపించే ఇల్లు ఏ ఊరిదో రేపటి పిల్లలకు తెలియాలి. అసలు ఫోటో వెనుక మెత్తని పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాసి ఉంచండి. ఏ పటమైనా రెండు ఫోటోలు కలిపి చేసినదైతే ఆ మాట కూడా రాయండి. ఆ ముఖాలను గుర్తుపట్టి పేర్లు చెప్పగలిగినవారు చాలా ఇళ్ళలో ఇప్పుడు మనమే. ఆ పని మనం ఉండగానే కావాలి.