హరిదాస్ ఆడుతూనే ఉంది

1944 నవంబరు 8. మద్రాసు వేపేరి ప్రాంతంలో మనిషి లాగే రిక్షాలో సి.ఎన్. లక్ష్మీకాంతన్ వెళుతున్నాడు. స్నేహితుడైన ఒక వకీలు ఇంటి నుంచి తిరుగు ప్రయాణం. దారికాచి అతన్ని కత్తితో పొడిచారు. మర్నాడు జనరల్ ఆసుపత్రిలో అతని ప్రాణం పోయింది.

లక్ష్మీకాంతన్ పేరు చెబితే మద్రాసు సినిమావాళ్లు వణికేవారు. ఫోర్జరీ కేసులో శిక్ష పడినవాడు. బయటికొచ్చి 'సినిమా తూతు' అనే పత్రిక పెట్టాడు. నటీనటుల పడకగదుల సంగతులంటూ అచ్చువేయడం, నోరు మూయించాలంటే డబ్బు గుంజడం దాని పని. ఆ రాతలకు ఎక్కువగా బలైంది నటీమణులు. ఎం.కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు నిర్మాత శ్రీరాములు నాయుడు కలిసి గవర్నరుకు అర్జీ పెట్టి ఆ పత్రిక లైసెన్సు రద్దు చేయించారు. అతను 'హిందూ నేశన్' పేరుతో మళ్లీ మొదలుపెట్టాడు. హత్య జరగగానే పోలీసుల చూపు ఆ ముగ్గురి మీదే పడింది.

అప్పటికి భాగవతార్ అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. కంసాలి కుటుంబంలో పుట్టిన మాయవరం కుర్రాడు. తిరుచ్చిలో నాటకాలాడి, 1934లో 'పవళక్కొడి'తో తెరకెక్కాడు. పై స్థాయిలో అలవోకగా నిలిచే గొంతు, పాపనాశం శివన్ కట్టిన పాటలు కలిశాక తమిళ దేశంలో ఆయనకు ఎదురు లేకపోయింది. 1941 నాటి 'అశోక్‌కుమార్'లో మన చిత్తూరు నాగయ్య అశోకుడు, కన్నాంబ తిష్యరక్షిత. సవతితల్లి మోపిన నిందకు కళ్లు పోగొట్టుకున్న కుణాలుడు భాగవతార్. మూడేళ్లు తిరిగేసరికి సొంత జీవితంలోనే బోనెక్కాల్సి వచ్చింది.

హత్యకు మూడు వారాల ముందు, దీపావళికి, భాగవతార్ నటించిన 'హరిదాస్' విడుదలైంది. బ్రాడ్వే థియేటర్లో జనం పోటెత్తుతున్నారు. డిసెంబరులో భాగవతార్‌ను అరెస్టు చేశారు. బొమ్మ ఆగలేదు. మద్రాసు హైకోర్టులో జ్యూరీ ముందు విచారణ. అప్రూవరుగా మారినవాడి మాటే ప్రాసిక్యూషన్‌కు పెద్ద ఆధారం. 1945 మే నెలలో తీర్పు వచ్చింది: శ్రీరాములు నాయుడు నిర్దోషి, భాగవతార్‌కూ కృష్ణన్‌కూ యావజ్జీవం. బొమ్మ ఆగలేదు. అక్టోబరులో అప్పీలు కొట్టేశారు. అయినా బ్రాడ్వేలో ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. ఒకే థియేటర్లో మూడు దీపావళులు చూసిందా సినిమా. ఖైదీ పాట వినడానికి జనం టిక్కెట్టు కొన్నారు, ఖైదీ మీద రాతలు చదవడానికి పత్రికలూ కొన్నారు.

కేసు లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. అక్కడి నుంచి మళ్లీ మద్రాసు హైకోర్టుకు వచ్చింది. ఈసారి ఇద్దరు న్యాయమూర్తులు సాక్ష్యాన్ని పరీక్షించి, ఇద్దరినీ నిర్దోషులన్నారు. 1947 ఏప్రిల్‌లో జైలు తలుపులు తెరుచుకున్నాయి. రెండేళ్లకు పైగా గడిచిపోయాయి. ఈలోగా ఆయన చేయాల్సిన 'ఉదయనన్' జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం చేతికి వెళ్లింది.

నన్ను కలచివేసేది ఆ తర్వాతి కథ. శిక్ష పడ్డ రోజుల్లో వదలని జనం, నిర్దోషిగా తిరిగొచ్చాక ముఖం చాటేశారు. 1948లో మన భానుమతితో కలిసి నటించిన 'రాజముక్తి' ఆడలేదు. 'అమరకవి', 'శ్యామల', 'పుదువాళ్వు' వరసగా వచ్చాయి. పాత వెలుగు ఏ ఒక్కటీ తేలేదు.

కేసే ఆయన్ను ముంచిందని అందరూ రాస్తారు. అది సగం నిజమే అని నా నమ్మకం. అదే కేసులో, అదే శిక్ష అనుభవించిన కృష్ణన్ మళ్లీ నిలదొక్కుకున్నాడు, 'నల్లతంబి' తీశాడు, నవ్వించాడు. తేడా కాలంలో ఉంది. భాగవతార్ లోపలున్న రోజుల్లో బయట సినిమా మారిపోయింది. పాటల మీద నడిచిన తెర మాటల మీదికి మళ్లింది. 1949లో అన్నాదురై 'వేలైక్కారి', 1952లో కరుణానిధి 'పరాశక్తి' సంభాషణలకు హాళ్లు ఊగిపోయాయి. ముప్పై అయిదేళ్ల గాయకుడు ఆ మార్పుకు తగ్గట్టు తన్ను తాను మలుచుకోవాల్సిన సమయం అదే. జైలు మింగింది ఆ సమయాన్ని. పరువు కంటే పెద్ద నష్టం అది, దానికి ఏ కోర్టూ పరిహారం కట్టదు.

1959 నవంబరు 1న, యాభై ఏళ్లయినా నిండకుండా, ఆయన మద్రాసు జనరల్ ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. తిరుచ్చిలో ఇప్పుడు ప్రభుత్వం కట్టిన స్మారక మందిరం ఉంది. అయినా నేటికీ ఆయన గురించి వచ్చే వ్యాసాల్లో మొదట కనిపించేది హత్య కేసు. శిక్ష వేసిన 1945 తీర్పును విస్తారంగా రాసి, దాన్ని కొట్టేసిన 1947 తీర్పును ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ రెండో తీర్పే అమల్లో ఉన్న తీర్పు. లక్ష్మీకాంతన్‌ను చంపించింది ఎవరన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.