మచ్చ పెట్టని బూజు: కెంటకీ ఫెస్క్యూ గడ్డి చరిత్ర

పంట తెగుళ్ల చరిత్ర అనగానే మీకు 1845లో ఐర్లండ్ బంగాళాదుంప చేలను మాడ్చిన తెగులు, ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో పుట్టిన బోర్డో మిశ్రమం గుర్తుకు వస్తాయి. అక్కడ తెగులు కంటికి కనిపించింది. పశుగ్రాసపు గడ్డిలో వచ్చే కుంకుమ తెగులు, ఆకుమచ్చ తెగులు కూడా అలాంటివే. ఇప్పుడు మీరు చదవబోయే శిలీంధ్రం గడ్డి మీద ఒక్క మచ్చ కూడా పెట్టదు. గడ్డి నిగనిగలాడుతూనే ఉంటుంది. జబ్బు పడేది దాన్ని మేసిన పశువు.

1931లో కెంటకీ విశ్వవిద్యాలయ వ్యవసాయ శాస్త్రవేత్త ఇ. ఎన్. ఫెర్గస్ మెనిఫీ కౌంటీలోని ఒక కొండవాలు పొలంలో ఏపుగా పెరిగిన టాల్ ఫెస్క్యూ గడ్డిని చూశాడు. విత్తనం తెచ్చి పరీక్షించారు. 1943లో దాన్ని ‘కెంటకీ 31’ పేరుతో విడుదల చేశారు. పేరులోని 31 ఆ గడ్డి దొరికిన సంవత్సరమే. బీదనేలలోనూ బతుకుతుంది, వానలు లేకున్నా తట్టుకుంటుంది, పశువుల తొక్కిడికి చావదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో అది కోట్ల ఎకరాలకు పాకింది.

ఫిర్యాదులు కూడా వెంటే వచ్చాయి. చలికాలంలో కొన్ని పశువుల గిట్టలు కుళ్లాయి, తోక చివరలు రాలిపోయాయి. ఎండాకాలంలో పశువులు మేత మానేసి చెరువుల్లో నిలబడేవి. బరువు పెరగవు, పాలు తగ్గుతాయి, చూలు నిలవదు. ప్రయోగశాలలో చూస్తే గడ్డిలో మాంసకృత్తులకు లోటు లేదు! పోషక విలువల పట్టికను నమ్మాలా, రైతు మాటను నమ్మాలా? ఈ ప్రశ్న తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. పశువు చెప్పే సాక్ష్యాన్ని మొదటినుంచీ గట్టిగా పట్టుకుని ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదనిపిస్తుంది.

1970లలో జార్జియాలో ఒకే పొలంలోని రెండు ఫెస్క్యూ బీళ్లు దారి చూపాయి. ఒక బీట్లో పశువులు జబ్బుపడ్డాయి, రెండో దానిలో బాగానే ఉన్నాయి. చార్లెస్ బేకన్, ఆయన సహచరులు మొక్కలను సూక్ష్మదర్శినిలో చూశారు. జబ్బు బీటిలో దాదాపు ప్రతి మొక్క కణాల మధ్యా శిలీంధ్రపు పోగులు కనిపించాయి. రెండో బీట్లో కొద్ది మొక్కల్లోనే ఉన్నాయి. 1977లో ఈ ఫలితాన్ని ప్రచురించారు. ఆ శిలీంధ్రం తయారుచేసే ఎర్గోవలీన్ అనే విషం రక్తనాళాలను కుదిస్తుందని తరువాత తెలిసింది. గిట్టలకూ తోకకూ రక్తం అందకపోవడం అందువల్లనే. మన సజ్జ చేలలో తేనెబంక తెగులు తెచ్చే శిలీంధ్రం కూడా ఈ కుటుంబానిదే.

నివారణ సులువే అనిపించింది. ఈ శిలీంధ్రం గాలిలో మొక్క నుంచి మొక్కకు పాకదు, విత్తనం ద్వారానే తరువాతి తరానికి చేరుతుంది. విత్తనాన్ని ఏడాదికి పైగా మామూలు వాతావరణంలో నిల్వ ఉంచితే శిలీంధ్రం చస్తుంది, మొలకశక్తి కొంత మిగులుతుంది. 1980లలో శిలీంధ్రం లేని విత్తనాలు మార్కెట్లోకి వచ్చాయి. పశువులు కోలుకున్నాయి. కానీ ఎండకూ, పురుగుకూ, గట్టి మేపుకూ గడ్డే చచ్చిపోసాగింది. రైతులు మెచ్చిన ఆ మొండితనంలో చాలా భాగం బూజు పెట్టిన భిక్షే అని అప్పుడు బయటపడింది. ‘తెగులు’ అన్న మాటకు మీరు రాసుకున్న నిర్వచనంలో ఇది ఇముడుతుందా? ఒకసారి తిరగేసి చూడండి.

ఆ తరువాత శాస్త్రవేత్తలు శిలీంధ్రాన్ని చంపే ఆలోచన మానుకున్నారు. పశువుకు హాని చేసే ఎర్గోవలీన్‌ను తయారుచేయని సహజ రకాలను వెతికి గడ్డిలో ప్రవేశపెట్టారు. జార్జియా విశ్వవిద్యాలయం, న్యూజిలాండ్ పరిశోధకులు కలిసి రూపొందించిన అలాంటి విత్తనం 2000లో అమ్మకానికి వచ్చింది. అయితే పాత బీడును కలుపుమందుతో చంపి, మధ్యలో వేరే పంట వేసి, మళ్లీ విత్తాలి. ఆ ఖర్చు అందరూ భరించలేరు. అందుకే పాత కెంటకీ 31 నేటికీ విస్తారంగా ఉంది. అది ఉన్నచోట రైతులు క్లోవర్ కలిపి చల్లుతారు, విషం ఎక్కువగా చేరేది కంకుల్లో కాబట్టి కంకి వేయకముందే మేపుతారు లేదా కోస్తారు.