సిలికోన్ చేతి ప్రతిరూపం

సిలికోన్ చేతి ప్రతిరూపం అనగా మానవ హస్తం నుండి అచ్చు తీసి, దాని ఆధారంగా సిలికోన్ రబ్బరుతో పోతపోసిన నమూనా. చర్మపు ముడతలు, గోళ్ళు, వేలిముద్రల గీతలు కూడా ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. చలనచిత్రాలలోను, చేయి కోల్పోయినవారికి అమర్చే కృత్రిమ హస్తాలలోను దీనిని ఉపయోగిస్తారు. కృత్రిమ హస్తానికి కొన్నిసార్లు, కొలతలు సరిపోయే మరొకరి చేతి నుండి అచ్చు తీస్తారు.

తయారీ విధానం

ఆల్జినేట్ పొడిని నీటితో కలిపి, ఆ ముద్దలో చేతిని కదలకుండా ఉంచుతారు. గోధుమవర్ణపు సముద్రపు నాచు నుండి లభించే ఈ పదార్థాన్ని దంతవైద్యులు పళ్ళ అచ్చులకు వాడతారు. కొద్ది నిమిషాలలో అది సాగే గుణంగల ముద్దగా గట్టిపడుతుంది. అప్పుడు వేళ్ళను మెల్లగా కదుపుతూ చేతిని వెలికి తీస్తారు. నీరు ఆవిరైనకొద్దీ ఈ అచ్చు కుంచించుకుపోతుంది కనుక, వెంటనే అందులో ప్లాస్టర్ పోసి మొదటి నమూనా తీస్తారు. దాని చుట్టూ రెండు భాగాల గట్టి అచ్చు నిర్మించి, చర్మపు రంగు కలిపిన సిలికోన్‌ను అందులో పోస్తారు.

ప్లాటినం ఉత్ప్రేరకంతో పనిచేసే సిలికోన్, గంధకం తగిలితే గట్టిపడదు. అందువలన ఈ పనిలో లాటెక్స్ చేతితొడుగులు వాడరాదు. మామూలు రంగులు సిలికోన్‌కు అంటవు కనుక మచ్చలు, రక్తనాళాలు సిలికోన్ ఆధారిత రంగులతోనే దిద్దుతారు.

జాగ్రత్తలు

చేతిని నేరుగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచరాదు. అది గట్టిపడేటప్పుడు 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కగలదు. గట్టిపడిన తరువాత చేయి బయటకు రాదు. 2007లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక పాఠశాల చిత్రకళ తరగతిలో ఈ విధంగా చేతులు ముంచిన విద్యార్థిని తీవ్రమైన కాలిన గాయాలతో చాలావరకు వేళ్ళను కోల్పోయింది. ప్లాస్టర్‌ను ఖాళీ అచ్చులో పోయడానికి మాత్రమే వాడాలి.