కాగ్నాతీరమున పరిశ్రమయు పట్టణాభివృద్ధియు



దౌల్తాబాదు, కొడంగలు ప్రాంతములవారికి తాండూరు క్రొత్తయూరు కాదు. కందులమ్ముకొనుటకును, రైలెక్కుటకును, ఇంటి నేలకు బండలు తెచ్చుకొనుటకును పలువురు ఆ యూరికి పోవుచునేయున్నారు. అక్కడి లారీల వరుసలను, రాతిమిల్లులను, సిమెంటు కర్మాగారముల పొగగొట్టములను చూచి, ‘ఈ యూరెంత పెరిగినది!’ అని యనుకొననివారుండరు. అది యెట్లు పెరిగినది? ఆ పెరుగుటలో నది పాలెంత, రాతి పాలెంత? అందుకు చెల్లించిన వెల యేమి? ఈనాటి ప్రసంగమునకు విషయమిదియే.

ముందు నదిని గూర్చి చెప్పవలయును. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలు వాననీటిని రెండుదిక్కులకు పంచుచున్నవి. తూర్పునకు పోవునది మూసీ. అది హైదరాబాదును దాటి వాడపల్లివద్ద కృష్ణలో కలియును. పడమరకు పోవునది కాగ్నా. అది తాండూరు మీదుగా కన్నడసీమ ప్రవేశించి, మళఖేడు గ్రామము నొరసికొనిపోయి భీమానదిని చేరును. భీమ మరల కృష్ణను చేరును. కొడంగలు, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనివే యని పెద్దలలో పలువురు వినియుందురు. నాడు రాష్ట్రముల సరిహద్దు మారినదిగాని నదిదారి మారలేదు. కావున కాగ్నాతీరపు కథను తాండూరుతో ఆపక కొంతదూరము దిగువకు పోయి చూడవలసియున్నది.

నేడు మళఖేడు ఒక సామాన్యగ్రామము. వేయిన్నూరు సంవత్సరముల క్రిందట అదియే రాష్ట్రకూట చక్రవర్తుల మాన్యఖేటము. 814 మొదలు 878 వరకు రాజ్యమేలిన అమోఘవర్షుని కాలమున అది దక్షిణాపథమున కెల్ల తలమానికమైన రాజధాని. మహావీరాచార్యుడను గణితశాస్త్రజ్ఞుడు ఆ రాజును కొనియాడుచు గణితసారసంగ్రహమును రచించెను. దానినే మన పావులూరి మల్లన తెలుగు చేసెను. 972లో మాళవరాజైన సీయకుడు దండెత్తివచ్చి ఆ నగరమును కొల్లగొట్టెను. పిమ్మట కొలదికాలమునకే ఆ వంశము అంతరించెను, నగరము చిన్నవోయెను. రాజు కొలువుపైన నిలిచిన పట్టణము ఆ కొలువు చెదరినంతనే చెదరినది. నదియొక్కటి మాత్రము యథాప్రకారము పారుచుండెను. ఇప్పుడు ఆ మళఖేడు చెంతనే పెద్ద సిమెంటు కర్మాగారము నడచుచున్నది.

ఇక రాతిమాట. తాండూరు, షాబాదు ప్రాంతముల నల్లరేగడి క్రింద సున్నపురాయి పొరలుపొరలుగా, చాపలు పరచినట్లున్నది. యాబదికోట్ల సంవత్సరములకు పైబడిన ప్రాచీనకాలమున ఇచ్చట సముద్రముండెడిది. ఆ సముద్రపుటడుగున పేరుకొనిన మడ్డియే గట్టిపడి ఈ రాయియైనది. పొరలుగా నుండుటచేత ఉలితోను సమ్మెటతోను కొట్టి పలకలుగా లేపవచ్చును. నీలపుచాయ, పసుపుచాయ గల ఆ పలకలనే మనము షాబాదు బండలనియు, తాండూరు బండలనియు అనుచున్నాము.

అయితే భూమిలో రాయి యున్నంతమాత్రమున పట్టణము పెరుగదు. రాయి బరువైన సరకు. ఎడ్లబండిపై నాలుగామడలు తోలినచో కిరాయియే రాతివెలను మించును. 1871లో బొంబాయినుండి వచ్చు రైలుదారి వాడివరకు పూర్తియైనది. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు నిజాంరాజ్యపు రైలుదారి తెరువబడినది. నాడు సాలార్‌జంగు దివానుగా నుండెను. ఆ దారి తాండూరు మీదుగా పోయినది. అంతవరకు ఊరిగోడలకును, గుడిమెట్లకును మాత్రమే పనికివచ్చిన బండ నాటినుండి దూరదేశములకు పోదగిన సరకైనది. తాండూరు నదియొడ్డున పుట్టిన యూరే యైనను, పెరిగినది రైలుకట్ట వెంబడి. ఈ భేదమును మనము జ్ఞాపకముంచుకొనవలయును.

పిమ్మట సిమెంటు వచ్చినది. 1920వ దశకమున షాబాదులో సిమెంటు కర్మాగారము వెలసినది. 1936లో పెక్కు సిమెంటు కంపెనీలు ఏకమై ఏ.సి.సి.గా ఏర్పడినప్పుడు అదియు అందు చేరినది. మన తాండూరు దగ్గర కరన్‌కోటలో కేంద్రప్రభుత్వపు సంస్థయగు సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1980వ దశకమున కర్మాగారమును నెలకొల్పెను. దాని శక్తి ఏటికి సుమారు 10 లక్షల టన్నులు. ప్రైవేటు కంపెనీల కర్మాగారములును ఆ చుట్టుపట్ల వెలసినవి.

సిమెంటు కర్మాగారము రాయియున్న చోటికే యేల వచ్చును? సున్నపురాతిని పొడిచేసి మట్టితో కలిపి, గుండ్రముగా తిరుగు పెద్దబట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడికి కాల్చుదురు. ఆ వేడికి శుద్ధమైన సున్నపురాతి బరువులో నూటికి 44 పాళ్లు బొగ్గుపులుసుగాలియై ఆకాశములో కలిసిపోవును. గాలిలో పోవు బరువుకు ఎవ్వరును రైలుకిరాయి చెల్లింపరు. అందుచేత రాయి కదలదు. బొగ్గే రాతిని వెదకికొని వచ్చును. బొగ్గు వెంట కూలీలు, కూలీల వెంట అంగళ్లు, అంగళ్ల వెంట బ్యాంకులు, బడులు, వైద్యశాలలు వచ్చును. లారీలు వచ్చినచో వాటిని బాగుచేయువారు వచ్చెదరు. పెద్దపరిశ్రమ పట్టణమును పెంచు విధమిదియే.

దీనివలన కలిగిన మేలును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. వానపైన ఆధారపడిన మెట్టప్రాంతమిది. వాన తప్పిన యేడు పొలములేని కుటుంబమునకు గనిలోని కూలియే అన్నముపెట్టినది. కాని లెక్కలో రెండవవైపు కూడ చూడవలయునుగదా.

ఒక టన్ను సిమెంటునకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావలయును. 10 లక్షల టన్నుల కర్మాగారము నిండుగా నడచినచో ఏటికి 15 లక్షల టన్నుల రాయి ఖర్చగును. ఘనమీటరు రాయి రెండున్నర టన్నులు తూగును. పది మీటర్ల లోతున త్రవ్వినచో ఏడాదికి ఆరు హెక్టారుల నేల, అనగా ఇంచుమించు 15 ఎకరములు గోతియగును. అదే 15 ఎకరములలో కంది వేసినచో వచ్చుయేడును కంది వేయవచ్చును, మనుమల కాలమునను వేయవచ్చును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. సున్నపురాతి పొరపై నున్న ఆ నల్లరేగడియే దాని గుణమునకు మూలమని చెప్పుదురు. పంట ఏటేట వచ్చు రాబడి; రాయి ఒక్కసారి ఖర్చుచేయు మూలధనము. మూలధనమును రాబడియని భ్రమించిన గృహస్థుని గతి పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

నది సంగతియు నట్టిదే. బండలను నునుపుచేయు మిల్లులకు నీరు కావలయును. ఆ నీటితో దిగు తెల్లని రాతిబురదను ఎచ్చట పోయుటయను ప్రశ్న తాండూరును ఏండ్లతరబడి వేధించుచున్నది. పట్టణము పెరిగినకొలది మురుగు పెరుగును. సిమెంటుతో ఇండ్లు కట్టవలెనన్న ఇసుక కావలయును. ఆ యిసుకకు కాగ్నాయే దగ్గర. ఏటిలోని ఇసుక నీటిని దాచు పాతర. వరద తీసినపిమ్మట కూడ చెలమలో నీరూరుట ఆ యిసుక చలువయే. దానిని తోడివేసినచో ఒడ్డుబావులలో నీరు దిగిపోవును. తాండూరు ప్రజలు త్రాగుటకు ఆశ్రయించినది ఆ కాగ్నానీటినే. పట్టణమునకు ప్రాణమిచ్చిన నది, పట్టణము పెరిగిన పిమ్మట దాని పెరటిలోని కాలువవలె చూడబడుట మిక్కిలి విచారకరము.

పాశ్చాత్యదేశములలోను ఇట్లే జరిగినది. జర్మనీలోని రూరు ప్రాంతమున బొగ్గు, ఉక్కు పరిశ్రమలు పెరిగి చిన్నయూళ్లు మహానగరములైనవి. వాటి నడుమ పారు ఎమ్షర్ అను చిన్నయేరు ఆ నగరములన్నిటికి బాహాటమైన మురుగుకాలువగా మారిపోయెను. గనులు మూతపడుచుండగా 1992లో ఆ యేటిని బాగుచేయు పని మొదలిడిరి. మురుగు పూర్తిగా ఆగుటకు 2021వ సంవత్సరాంతమువరకు, ముప్పదియేండ్లు పట్టినది. వందలకోట్ల యూరోలు ఖర్చైనవి. ధనవంతమగు దేశము కావున చేయగలిగినది.

కర్మాగారము శాశ్వతమను నమ్మకము కూడ తగదు. కరన్‌కోట కర్మాగారమునకు తోబుట్టువువంటిది ఆదిలాబాదులోని సిమెంటు కర్మాగారము. ఆ సంస్థ నష్టములలో మునిగి 1996లో ఖాయిలాపడినదిగా నిర్ణయింపబడెను. ఆదిలాబాదు కర్మాగారము ఆ దశకముననే మూతపడినది, తాండూరుది నిలిచినది. రాయి రెండుచోట్లను ఉన్నది. యజమాని లెక్కలు తారుమారైనచో రాయియున్నను పొయ్యి ఆరిపోవునని ఇందువలన తెలియుచున్నది.

ఈ సంగతులు మనకు దూరపు ముచ్చటలు కావు. 2024లో దుద్యాల మండలము లగచర్ల ప్రాంతమున ఔషధపరిశ్రమలకై భూసేకరణ ప్రకటన వెలువడినది. రైతులు ఎదిరించిరి, అలజడి కలిగినది, ప్రకటన ఉపసంహరింపబడినది. పిమ్మట పారిశ్రామికవాడ ప్రతిపాదన వచ్చినది. పరిశ్రమ వలదనుట సులువు, కావలయుననుటయు సులువే. షరతులు తెలిసి పలుకుటయే కష్టము.

కావున మీ గ్రామసభకు ఏ పరిశ్రమవారు వచ్చినను మూడు ప్రశ్నలడుగుడని నా మనవి. నీరెచ్చటినుండి తెత్తురు, వాడిననీరు ఎచ్చట విడుతురు? త్రవ్విన గోతిని పని ముగిసిన పిమ్మట ఏమి చేయుదురు, అందుకు సొమ్ము ఇప్పుడే కట్టుదురా? ఊరిపిల్లలకు కూలిపని మాత్రమే యిత్తురా, చేతికొక విద్య కూడ నేర్పుదురా? జవాబులు నోటిమాటగా గాక వ్రాతపూర్వకముగా, తెలుగులో ఇమ్మనుడు. చదివి వినిపించుటకు ఊరిలో చదువుకొన్న పిల్లలున్నారు.

మాన్యఖేటమునకు రాజు పోయెను; ఆదిలాబాదునకు కర్మాగారము మూతపడెను. కాగ్నాతీరమున పట్టణములు ఇకముందును పెరుగును, పెరుగవలసినదే. ఆ పెరుగుదలలో ఏటినీటిని, ఏటియిసుకను, పండు నేలను మిగిల్చి మనుమలకు అప్పగించు భారము మాత్రము మనదియే.