‘ఎన్‌లివెన్’ - ‘ఆబాద్’

ఆంగ్లమున ‘ఎన్‌లివెన్’ అను క్రియ కలదు. ‘లైఫ్’ అనగా జీవము. దానికి ముందొక ‘ఎన్’, వెనుకొక ‘ఎన్’ తగిలించి 17వ శతాబ్దమున ఆంగ్లేయులు ఈ మాటను కల్పించుకొన్నారు. మొదట దీనికి ప్రాణము పోయుట యనియే అర్థము. ఆ శతాబ్దము ముగియక మునుపే యది పలుచబడి, చప్పగా నున్నదానికి ఉత్సాహము కలిగించుట యను నర్థమునకు దిగినది. హాస్యము సంభాషణను ఎన్‌లివెన్ చేయును. సంగీతము సభను చేయును. మనవారు నాటకమును రక్తి కట్టింతురు, పందిటికి కళ తెత్తురు. ఈ పలుకుబళ్లు చాలును. ‘ప్రాణము పోయు’ అని తెనిగించుట నేడు అతిశయోక్తి.

ఒక నగరమునకు ఈ క్రియను అన్వయించునపుడే చిక్కు వచ్చును. 2021లో చార్మినారు చెంత ఆదివారపు సాయంకాలములందు వాహనములను ఆపి పాటలు, వినోదములు ఏర్పాటు చేసినారు. అది ఎన్‌లివెన్ చేయుటయే. పాతబస్తీలో దానిని ‘రౌనక్’ అందురు. అయితే అక్కడ ఇంకొక మాట కలదు: ‘ఆబాద్’. ఊరి పేరిలోనే ఉండుటచేత మనము దానిని వినుట మానివేసినాము. పారసీకమున ఆబాద్ అనగా జనులు నివసించునది, సాగులో నున్నది. తెలంగాణ పల్లెలలో ఇండ్ల స్థలమును ఆబాది యనుట యిందుండి వచ్చినదే.

గోల్కొండ కోట ఇరుకుకాగా 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ దక్షిణపు టొడ్డున ఈ నగరమును నెలకొల్పినాడు. అది జనముతో నిండవలెనని ఆయన ప్రార్థించినట్లు ప్రసిద్ధి. దీపములను గాని, మేళతాళములను గాని కోరినట్లు ఎవ్వరును చెప్పరు!

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను, పేటలకు పేటలను తీసికొనిపోయినది. అటుపిమ్మట విశ్వేశ్వరయ్యగారి సూచనలపై ఎగువన జలాశయములు కట్టినారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి వీధులు వెడల్పు చేసి ఇండ్లు కట్టించినది. పత్తర్‌గట్టీ రాతి దుకాణముల వరుస ఆ సంస్థ కట్టించినదే. ఆ పనిని ఎన్‌లివెన్ చేయుట యన్నచో పరిహాసమగును. అది ఆబాదు చేయుట. ఈనాడు పాతబస్తీకి పథకములు వ్రాయువారు ఈ రెంటిని ఒకటిగా భావింపరాదని నా మనవి.

చార్మినారుకు పడమట లాడ్‌బజారు. అచ్చటి లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిప్పులపై లక్కను మెత్తబరచి, గాజుగా చుట్టి, రాళ్లను చేతితో ఒక్కొక్కటిగా పొదుగుదురు. ఆదివారపు పాట ముగిసిన మరునాడును ఆ నిప్పుల యొద్ద మనుషులు కూర్చుండవలెను. కూర్చుండుటకు వారికి గదియు, గదికి అద్దెయు, గాజుకు తగిన ధరయు కావలెను.