జైలు గోడ బయటి వరిచేలు

అండమాన్ అంటే మన విశాఖ వాళ్లకి రెండే గుర్తొస్తాయి. ఒకటి సెల్యులర్ జైలు, రెండోది మన హార్బర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడ. (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, నాకింకా నోరు తిరగట్లేదు.) నేనూ అందరిలాగే జైలు చూశాను, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో కూడా చూశాను. కానీ నన్ను ఆలోచనలో పడేసింది జైలు కాదు, మర్నాడు వండూర్ వెళ్లే దారిలో కనబడ్డ పొలాలు.

ఆ జైలు కట్టింది 1896-1906 మధ్యలో. అండమాన్‌కి ఖైదీలు రావడం మొదలైంది మాత్రం 1858 మార్చిలో. అంటే దాదాపు యాభై ఏళ్లు ఆ జైలు లేకుండానే కాలాపానీ నడిచింది! మరి అన్నాళ్లూ వాళ్లేం చేశారు? అడవి కొట్టారు, మడ అడవులున్న బురద నేలలకి గట్లు కట్టి ఉప్పునీటిని ఆపారు, కొబ్బరి నాటారు, వరి పండించారు. 1901 నాటికి అక్కడ సుమారు 12 వేల మంది ఖైదీలుండేవారు. దీవి మొత్తం ఒక పెద్ద ఎస్టేటు, కూలీలు సంకెళ్ల వాళ్లు, యజమాని సర్కారు. జైలు అనేది అందులో ఒక బిల్డింగ్ మాత్రమే.

దాని పద్ధతి కూడా వింతగా ఉంటుంది. జైలు కట్టాక యావజ్జీవ ఖైదీ మొదటి ఆర్నెల్లు సెల్యులర్ జైల్లో ఒంటరిగా ఉండాలి. తర్వాత ఏడాదిన్నర నలుగురితో కలిసి పని. ఆ తర్వాత మూడేళ్లు పగలు బయట చాకిరీ, రాత్రి తాళం. ఇంకో అయిదేళ్లు కాస్త తేలిక పని. అలా పదేళ్లు బుద్ధిగా గడిపితే 'సెల్ఫ్ సపోర్టర్' అనే హోదా వచ్చేది. నేల ఇస్తారు, పశువుల్ని పెంచుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, ఊర్నించి పెళ్లాం పిల్లల్ని పిలిపించుకోవచ్చు. మొదట్లో సర్కారు సాయం, తర్వాత శిస్తు. దీవి దాటి మాత్రం వెళ్లకూడదు. ఖాళీగా కూర్చోవడం కూడా నేరమే. మా ప్రొబేషన్ పీరియడ్ గురించి ఇకపై నేను గొణగను :)

అలా స్థిరపడ్డ వాళ్ల పిల్లల్నే 'లోకల్ బార్న్' అంటారు. ఎక్కడెక్కడి ఖైదీలో కలిసి బతకడానికి అక్కడ హిందుస్తానీ వాడుక భాష అయింది. 1921-22 తర్వాత వచ్చిన మాప్పిళ్లలు తమ ఊరి పేర్లు తెచ్చి పెట్టుకున్నారు, అక్కడ కూడా ఒక మలప్పురం, ఒక మంజేరి ఉన్నాయి. మన గాజువాక వైపు స్టీల్ ప్లాంటుకి ఊళ్లు పోయిన వాళ్లని మీదేవూరని అడిగితే ముందు పాత ఊరి పేరే చెబుతారు చూడండి, అలాగన్నమాట.

ఇక మన వాళ్ల సంగతి. 1879లో రంప తిరగబడింది. పోడు మీద ఆంక్షలు, కల్లు మీద చిగురు పన్ను, మన్సబ్‌దారు దోపిడీ.. కారణాలు చాలా ఉన్నాయి. ఆ తిరుగుబాటులో పట్టుబడ్డ వాళ్లలో కొందర్ని అండమాన్ పంపారు. 1922-24లో అల్లూరి సీతారామరాజు పోరాటం తర్వాత మళ్లీ అదే. వీళ్ల నేరం ఏమిటి? అడవిలో కొంత చెట్టు కొట్టి పోడు చేసుకుంటాం, అడ్డు రావద్దు అనడం. 1882 మద్రాసు అటవీ చట్టం ఉన్న ఆ రోజుల్లో అది తప్పు. అదే సర్కారు బంగాళాఖాతం అవతల ఖైదీల చేత అడవికి అడవి కొట్టించింది. అక్కడ దాని పేరు అభివృద్ధి! ఇది చదివినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

రాజు అనుచరుడు గాం మల్లుదొర కథ అయితే సినిమా తీయొచ్చు. ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. 1937లో విడుదలయ్యారు. 1952 మొదటి లోక్‌సభ ఎన్నికల్లో మన విశాఖపట్నం నుంచే ఎంపీ అయ్యారు. అప్పట్లో ఇది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, రెండో ఆయన లంకా సుందరం. విశాఖలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? నా ఆఫీసులో పదిమందిని అడిగాను, ఒక్కరికీ తెలీదు.

అయితే ఖైదీల కష్టం గురించే మాట్లాడి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ అడవి ఖాళీగా ఏమీ లేదు. గ్రేట్ అండమానీస్ తెగల వాళ్లు అక్కడ వేల ఏళ్లుగా ఉంటున్నారు. 1859లో అబర్దీన్ దగ్గర బాణాలతో తిరగబడ్డారు, తుపాకుల ముందు ఓడిపోయారు. 1858లో వేలల్లో ఉన్నవాళ్లు రోగాలొచ్చి, నేల పోయి, వందేళ్లలో ఇరవై మంది దాకా మిగిలారు. సంకెళ్ల మనిషి గొడ్డలి పట్టుకుని నరికింది వీళ్ల అడవిని. నరికించిన వాడు గొడ్డలి పట్టుకోలేదు, అతని పేరు మీద మాత్రం ఊళ్లున్నాయి.

ఇప్పుడు ఆ దీవుల్లో వందకి 13 మంది తెలుగు మాతృభాష వాళ్లు (2011 జనగణన). ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి తర్వాత కాలంలో చేపల వేటకీ పనులకీ వెళ్లిన వాళ్లే, ఖైదీల వారసులు కారు. చేపల మార్కెట్లో ఒక పెద్దామె నా మాట విని "ఏ ఊరేటి బాబూ మీది?" అంది. విశాఖ అన్నాను. తన అమ్మమ్మ ఊరు భీమిలి దగ్గరట. పొలాల గురించి అడిగితే "సునామీకి మునిగిపోనాయి బాబూ, ఇంకేటి పండుతాది" అంది.

నిజమే. 2004 డిసెంబర్ 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు దాకా కుంగిపోయింది. సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన నేను చూసినవి అవే, ఒకప్పటి చేలు. ఇప్పుడు అక్కడ ఉప్పునీరు నిలబడి ఉంది, మధ్యమధ్యలో ఎండిపోయిన చెట్ల మోడులు. అంచుల్లో మడ మొక్కలు మళ్లీ మొలుస్తున్నాయి.