జర పండుకోనియ్యుండ్రి

సంక్రాంతి రాత్రి. హైదరాబాద్‌లో ఒక సర్కారు దవాఖానా క్యాజువాలిటీ. స్ట్రెచర్ మీద ఏడేళ్ల పిల్లాడు నిద్రపోతున్నాడు. చూపుడు వేలికి మాంజా కోసిన గీత ఇంకా ఎర్రగానే ఉంది. నానమ్మ కొంగుతో వాడి మూతి తుడుస్తోంది.

"బంగ్లా మీంచి పడంగనే లేచిండు సార్. చాయ్ తాగిండు, టీవీ గూడ సూసిండు. తర్వాత కక్కుడు షురువైంది. ఇగ అలసి పండుకున్నడు. జర పండుకోనియ్యుండ్రి."

డాక్టరు పండుకోనివ్వడు. పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. పలుకు లేదు. కనుబొమ కింద బొటనవేలితో నొక్కితే కళ్లు సగం తెరుచుకుంటాయి, ఒక మూలుగు వస్తుంది, చెయ్యి లేచి డాక్టరు వేలిని నెట్టేస్తుంది. కళ్లకు 2, మాటకు 2, కదలికకు 5. మొత్తం 9. గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ 1974లో తయారుచేసిన లెక్క ఇది: పూర్తి మెలకువకు 15, అట్టడుగు 3. టార్చి వేస్తే కుడి కంటిపాప ఎడమదాని కంటే పెద్దగా ఉంది. కుడి చెవి పైన వేలు పెడితే మెత్తగా దిగుతోంది.

పక్క మంచం దగ్గర గొడవ. ఏడాదిన్నర పాప మంచం మీంచి దొర్లిపడింది. నుదుటి మీద బొప్పి, వార్డు దద్దరిల్లేలా ఏడుపు. ఎంత ఖర్చయినా సరే, స్కాన్ తీయాల్సిందేనని వాళ్ల మామయ్య పట్టు. డాక్టరుకు ఆ ఏడుపు వింటే ధైర్యంగా ఉంది. పాప పాలు తాగింది, తల్లిని చూసి చేతులు చాపుతోంది. అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో అచ్చువేసిన అధ్యయనం చెప్పిందీ ఇదే: ఇలాంటి పిల్లలకు రేడియేషన్ అక్కర్లేదు, కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉంటే చాలు. మనవాళ్ల భయం ఎప్పుడూ ఇలా తలకిందులే. ఏడ్చే బిడ్డకు స్కాన్ కావాలంటారు, మగతలో ఉన్న బిడ్డను నిద్రపోనివ్వమంటారు.

స్ట్రెచర్ సీటీ గదిలోకి పరుగెడుతుంది. తెర మీద పుర్రె లోపలి అంచున, రెండు వైపులా ఉబ్బిన తెల్లటి ముద్ద. కణత దగ్గర ఎముక పలచన. అది చిట్లి దాని అడుగున ఉండే ధమని తెగింది. ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు చేరుతోంది. మొదట్లో మెదడుకు పెద్ద దెబ్బేం తగల్లేదు, అందుకే చాయ్ తాగాడు, టీవీ చూశాడు. పుర్రె సాగదు కాబట్టి నెత్తురు పెరిగేకొద్దీ మెదడు నలుగుతుంది.

సగం తల గొరుగుతారు. ఎముక బిళ్ల లేపి, నల్లటి గడ్డ తీసేసి, ధమనిని మూసేస్తారు. వేళకు తీస్తే ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది కోలుకుంటారు. దెబ్బకు మెదడే చితికిపోయిన పిల్లల సంగతి వేరు.

డిశ్చార్జి రోజు తండ్రి చేతిలో మందుల చీటీ. తలనొప్పి రావచ్చు, చదివింది మరిచిపోవచ్చు, ఊరికే కోపం తెచ్చుకోవచ్చు. బడికి మొదట సగం పూటే పంపండి, టీచరుకు చెప్పండి, దూకుడు ఆటలు మేం చెప్పేదాకా వద్దు. డాక్టరు ఒక్కొక్కటీ చెప్పి అడుగుతాడు:

"పైన పిట్టగోడ లేదా?"

"కిరాయి ఇల్లు సార్. ఇంకో అంతస్తు ఏస్తడంట, గందుకే ఓనర్ కట్టలే. సీకులు గట్లనే ఇడిసిండు."

"ఎప్పుడు వేస్తాడట?"

"మేం దిగి నాలుగేండ్లాయె సార్."

"మెట్ల తలుపుకు తాళం వేయమను. ఈరోజే."